ఈశాన్యం వైపు వాలు

నాకు కోపం ముక్కు మీద, గొప్పలు నాలిక చివర ఉంటాయి. కోపం వల్ల నష్టపోయింది తక్కువే. గొప్పల వల్ల మాత్రం యాభై ఆరేళ్ళ వయసులో గోల్ఫ్ నేర్చుకోవాల్సి వచ్చింది.

తెనాల్లో నాకో వైండింగ్ షాపుంది. కాలిపోయిన మోటార్లు, తిరగనని మొండికేసిన ఫ్యాన్లు, రుబ్బలేక చేతులెత్తేసిన మిక్సీలు నా దగ్గరికొస్తాయి. మా అమ్మాయి హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ తనతో పనిచేసే కుర్రాణ్ణి ఇష్టపడింది. మంచి కుర్రాడు. వాళ్ళ నాన్నగారు పేరున్న డాక్టరు, అమ్మగారూ డాక్టరే. మాట్లాడుకోవడానికి రమ్మంటే నేనూ మా ఆవిడా వెళ్ళాం. ఆ హాలు చూడగానే నేను గుమ్మంలోనే ఆగిపోయాను. గోడ పొడుగునా అద్దాల బీరువా, అందులో వరసగా కప్పులు. అన్నీ ఆయన గోల్ఫ్‌లో గెలిచినవట.

"మీరేమైనా ఆడతారా బావగారూ?" అన్నారాయన, ఏదో మాట కలుపుదామని.

లేదండీ అంటే ఏం పోయేది? పేకాట అన్నా నవ్వి ఊరుకునేవారు. నా నోరు ఊరుకోదుగా! "గోల్ఫేనండీ, అప్పుడప్పుడు" అనేశాను.

ఆయన కుర్చీలోంచి ముందుకు వంగారు. "తెనాల్లో గోల్ఫ్ కోర్సుందా?"

"ఊరి బయటండీ. చిన్నది."

పక్కన మా ఆవిడ తాగుతున్న కాఫీ కప్పు కింద పెట్టేసింది. ఎదురుగా మా అమ్మాయి పెదవి కొరుక్కుంటోంది. తెనాల్లో పుట్టి పెరిగిన పిల్ల, ఊరి బయట ఏముందో దానికి తెలీదా? డాక్టరుగారు మాత్రం సంబరపడిపోయి, ఏప్రిల్లో వచ్చేయండి, కలిసి ఆడదాం అన్నారు. నేను అలాగేనండీ అన్నాను. మా ఆవిడ ఆ రెండు గంటల్లో ఒక్క మాట మాట్లాడలేదు. టిఫిన్ ఇంకొంచెం పెట్టమంటారా అని అడిగినా తలే ఊపింది.

ఆ సాయంత్రమే అమ్మాయి ఫోన్ చేసింది. అరుస్తుందనుకున్నా. అరిచినా బాగుండేది.

"నాన్నా, రేపు అది నా ఇల్లు. మీరొస్తే నువ్వేమో కోతలు కోస్తావు, అమ్మేమో నోరు విప్పదు. మీరిద్దరూ వాళ్ళకి తక్కువని వాళ్ళెవరూ అనలేదు. మీరే అనుకుంటున్నారు. ఇలాగే బెరుగ్గా వచ్చి బెరుగ్గా పోయేట్టయితే నాకు ఆ ఇంట్లో సంతోషం ఎక్కడుంటుంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. కానీ నా బుర్ర ఎటు పనిచేసిందో చూడండి. నిజం చెప్పేద్దామని కాదు, మూడు నెలల్లో గోల్ఫ్ నేర్చేసుకుందామని!

విజయవాడలో ఎవరో అమ్ముతుంటే ఫోన్లో చూసి మూడు పాత కర్రలు, ఓ సంచీడు బంతులు తెచ్చుకున్నాను. వీడియోలు చూశాను. ఒకటి మాత్రం బాగా బుర్రకెక్కింది. కొత్తవాడు దూరం కొట్టాలని ఎగబడకూడదట, దగ్గర దెబ్బలు ముందు సాధించాలట, అదీ రోజూ ఒకే వేళకి, ఒకే లెక్కన. సరే, లెక్కంటే నాకు అలవాటే. వైండింగులో చుట్లు ఒకటి తగ్గినా మోటారు ఏడుస్తుంది. రోజూ పొద్దున్నే, టిఫిన్‌కి ముందు, డాబా మీద యాభై బంతులు. పడమటి పిట్టగోడ దగ్గర స్టీలు గ్లాసు పడుకోబెట్టి, తూర్పు వైపు నుంచి కొట్టేవాణ్ణి, ఎండ కళ్ళలో పడకుండా.

మొదటి వారం యాభైలో మూడు పడ్డాయి. మిగిలినవి మా ఆవిడ ఎండబెట్టిన వడియాల్లో పడ్డాయి. "ఏవండీ, గుమ్మడి వడియాలా, గోల్ఫ్ వడియాలా ఇవి?" అని ఆవిడ దెప్పింది. నాకు కోపం వచ్చింది. కోపంలో కొడితే అవీ వడియాల్లోకే పోయాయి.

రెండో వారానికి ఒక సంగతి కనిపెట్టాను. నేనెంత తిన్నగా కొట్టినా బంతి కుడికి లాగుతోంది. గ్లాసుకి ఎడమగా బెత్తెడు దూరం చూసి కొడితే మెల్లిగా తిరిగి సరిగ్గా గ్లాసులోకి వెళ్ళింది. తస్సాదియ్యా! ఇదేదో బంతి లక్షణం అనుకున్నాను. గోల్ఫ్ బంతికి ఒంటినిండా గుంటలుంటాయిగా, వాటివల్ల కుడికి లాగుతుందని నాకు నేనే సిద్ధాంతం చెప్పుకున్నాను.

ఊరికే నమ్మే మనిషిని కాదు నేను, పరీక్ష చెయ్యాలిగా. బాపట్లలో మా తోడల్లుడి ఇంటికి పనిమీద వెళ్ళినప్పుడు కర్ర, బంతులు పట్టుకెళ్ళాను. పొద్దున్నే వాళ్ళ డాబా ఎక్కి, ఇంట్లోలాగే ఎండకి వీపు పెట్టి కొట్టాను. కుడికే! రేపల్లెలో మా అక్క వాళ్ళ వాకిలి గచ్చు మీద అలాగే కొట్టాను. అక్కడా కుడికే! మూడు ఊళ్ళు, మూడు గచ్చులు, ఒకటే ఫలితం. ఇంకేం కావాలి? "అక్కా, గోల్ఫ్ అంటే ఎడమకి చూసి కొట్టడమే" అన్నాను. "ఒరేయ్, షాపు మూసేసి ఇదేం పనిరా నీకు" అంది మా అక్క.

మిగతా ప్రాక్టీసు కూడా ఆ రెండు ఊళ్ళలోనే సాగింది. ఇసకలోంచి కొట్టడం బాపట్ల సముద్రం దగ్గర. బంతిని కాదు, దాని వెనకున్న ఇసకని కొట్టాలని వీడియోలో చెప్పారు. అరగంట ఇసక ఎగరేశాను. వల బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన చూసి చూసి, "ఏంటి బాబాయ్, పీతల కోసమా? అలా కొడితే దొరకవు, చెయ్యి పెట్టాలి" అన్నాడు. చుట్టుపక్కలున్న ఆడవాళ్ళంతా ఒకటే నవ్వు. నాకూ నవ్వొచ్చి కర్ర పక్కన పెట్టి కూర్చున్నాను. ఆయనే నా చేతుల్ని చూసి, "పిడికిలి బిగించావు, తాడైనా అంతే, బిగిస్తే చెయ్యి కోసుద్ది" అన్నాడు. వదులుగా పట్టి కొట్టి చూశాను. బంతి మెత్తగా లేచి బయటపడింది. ఆ రోజు నుంచి కొట్టే ముందు ఓసారి వేళ్ళు సడలించడం అలవాటు చేసుకున్నాను.

దూరం కొట్టడం రేపల్లెలో, మినుములు తీసేసిన అక్క వాళ్ళ చేలో. అక్కడ వేరే తంటా. ఎండకి నేల నెర్రెలిచ్చి ఉంది. బంతి గాల్లో దర్జాగా పోయి నేల మీద రెండు గెంతులు గెంతి నెర్రెలో దూరిపోయేది. మోచెయ్యి దాకా పెట్టినా అందదు. పదకొండు బంతులు ఆ చేను మింగింది. రేపొద్దున దున్నేటప్పుడు బయటపడితే గుడ్లనుకుంటారేమో అని అక్క నవ్వింది.

మార్చి ఆఖరికి డాబా మీద యాభైకి నలభై పడుతున్నాయి. నాకిక నేల కనపడలేదు. ఒకరోజు మా ఆవిణ్ణి పిలిచి చూపించాను. "చూశావా, బంతి గుణం తెలిస్తే చాలు. ఎప్పుడూ కుడికే లాగుద్ది."

ఆవిడ కిందికెళ్ళి, చెంబుతో నీళ్ళు తెచ్చి, నేను కొట్టే చోట కుమ్మరించింది. నీళ్ళు కాసేపు తటపటాయించి కుడికి తిరిగి, ఈశాన్యం మూలనున్న గొట్టం వైపు సాగాయి.

"బంతి కాదండీ, గచ్చు. ఏ మేస్త్రీ అయినా ఈశాన్యానికే వాలు పోస్తాడు. మనింట్లోనూ అంతే, మా చెల్లెలింట్లోనూ అంతే, వదినగారింట్లోనూ అంతే. అక్కడ హైదరాబాదులో గడ్డికి వాస్తు ఉంటుందా?"

నా గాలి మొత్తం తీసేసింది. దానికి నేనేమన్నానో రాయడానికి సిగ్గేస్తోంది. "నీకేం తెలుసు గోల్ఫ్ గురించి? వడియాలు చూసుకో" అన్నాను. ఆవిడ చెంబు తీసుకుని దిగి వెళ్ళిపోయింది.

ఏప్రిల్లో హైదరాబాదు వెళ్ళాం. డాక్టరుగారు కారులో కోర్సుకి తీసుకెళ్ళారు. వియ్యపురాలికి ఆసుపత్రిలో డ్యూటీ, కాబోయే అల్లుడు ఊళ్ళో లేడు. మా ఆవిడా అమ్మాయీ సరదాగా నడుద్దామని వెంట వచ్చారు. ఓరి నాయనో, ఎంత పచ్చదనం! పాదం కింద పరుపేసినట్టుంది. ఆయన ఏ మాత్రం గీర లేని మనిషి. "బావగారూ, ఇవాళ నాలుగు హోల్సే ఆడదాం, ఎండ ముదురుతుంది" అన్నారు.

దూరం దెబ్బలు ఎలాగో గట్టెక్కాయి. ఇసకలో ఒకసారి పడితే బాపట్ల పెద్దాయన్ని తలుచుకుని వేళ్ళు వదులు చేశాను, ఒక్క దెబ్బకి బయటపడ్డాను. అబ్బో అన్నారాయన. చివర్లో హోల్ దగ్గర, అదే గుంత దగ్గర మాత్రం, నా గొప్ప విద్య చూపించాల్సిన చోట, పరువు పోయింది. మొదటి గ్రీన్ మీద, అంటే గుంత చుట్టూ నున్నగా కత్తిరించిన గడ్డి మీద, ఎడమకి చూసి కొట్టాను. బంతి ఎడమకే పోయి ఇంకా ఎడమకి జారింది. రెండో దాని మీదా అంతే. మూడో దాని మీద, మనసు వద్దంటున్నా చేతులు వినలేదు. మూడు నెలలు పెంచిన అలవాటది. "కొత్త గ్రీన్ కదండీ" అని ఆయన మర్యాదగా సర్దారు. ఆ మర్యాదే నన్ను పొడిచింది. మా అమ్మాయి నా వైపు చూడటం మానేసి దూరంగా చెట్లు చూస్తోంది.

నాలుగోది. గుంత ఎనిమిది అడుగుల దూరం. నేను వంగేసరికి పక్కన చీర కుచ్చిళ్ళు కనిపించాయి. మా ఆవిడ. పెదవి కదపకుండా అంది. "ఏవండీ, ఇక్కడ బకెట్టు నీళ్ళు పోస్తే ఎడమకి పోతాయి. జానెడు కుడికి చూసి కొట్టండి."

నాకిక పౌరుషం మిగల్లేదు. జానెడు కుడికి చూసి కొట్టాను. బంతి బయల్దేరి, సగం దూరం తిన్నగా పోయి, మెల్లగా ఎడమకి ఒరిగి, గుంతలో పడింది. లోపల టక్కుమన్న చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది.

డాక్టరుగారు చప్పట్లు కొట్టారు. "బావగారూ! మూడు హోల్స్ దాకా దాచిపెట్టి ఇప్పుడు తీశారన్నమాట! ఆ వాలు నాకే అంతుపట్టదు. ఎన్నేళ్ళ ప్రాక్టీసండీ ఇది?"

పదేళ్ళు అనే మాట నాలిక మీదకొచ్చేసింది. ఒక్క మాటతో గండం గడిచిపోతుంది. అమ్మాయి తల దించుకుంది, నేనేం అంటానో దానికి తెలుసు. మా ఆవిడ అప్పటికే నాలుగడుగులు వెనక్కి వేసి, గోల్ఫ్ సంచీ చాటున నిలబడింది, అసలేమీ మాట్లాడనట్టు. అలా వెనక్కి జరగడం ఆవిడకెంత అలవాటో అప్పుడు చూశాను. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆవిడ వెనక్కి జరుగుతోంది, నేను ముందుకొచ్చి దండలు వేయించుకుంటున్నాను. నాకు చచ్చేంత సిగ్గేసింది.

"మూడు నెలలండీ బావగారూ" అన్నాను. "అదీ మా డాబా మీద. తెనాల్లో కోర్సు లేదు, నేను అబద్ధం చెప్పాను. మీ కప్పులు చూసి భయపడ్డాను. ఇప్పుడు వాలు చూసింది కూడా నేను కాదు, మా ఆవిడ."

దూరంగా ఎవరో గడ్డికి నీళ్ళు చిమ్ముతున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి.

ఆయన నవ్వలేదు. కోప్పడలేదు. జేబులోంచి ఒక బంతి తీసి, గ్రీన్‌కి అవతలి అంచున పెట్టి, మా ఆవిడ వైపు తిరిగారు. "చెల్లెమ్మగారూ, పన్నెండేళ్ళుగా ఇక్కణ్ణుంచి నాకు ఒక్కసారీ పడలేదు. ఇదెటు పోతుందో కాస్త చూసి చెప్తారా?"

మా ఆవిడ నా వైపు చూసింది. వెళ్ళమన్నట్టు తలూపాను. చెప్పులు విప్పి గడ్డి మీద అడుగుపెట్టింది. డాబా కడిగేటప్పుడు చూసినట్టే, కళ్ళతో కాదు, అరికాళ్ళతో చూసింది. గుంత చుట్టూ ఓసారి తిరిగి వచ్చింది. గొంతు సవరించుకుంది.

"ముందు కుడికి పోతాయండీ అన్నయ్యగారూ, నీళ్ళు. గుంత దగ్గరకొచ్చేసరికి నెమ్మదించి నిలబడిపోతాయి. మెల్లిగా కొట్టండి."

ఆయన కొట్టారు. బంతి చెప్పినట్టే తిరిగింది. గుంత అంచు తాకి, ఆగకుండా బెత్తెడు దాటిపోయింది. ఆయన అయ్యో అంటూ ఇంకా కర్ర దించలేదు.

"అదేంటండీ అన్నయ్యగారూ! మెల్లిగా అని చెప్పానా లేదా? అంత గట్టిగా కొడితే ఆగుద్దా మరి?"

అంత పెద్ద డాక్టరు, చెయ్యని హోంవర్కు అడిగితే నిలబడ్డ పిల్లాడిలా నిలబడి, "తప్పయిందమ్మా" అన్నారు. ఆయన నవ్వు మొదలుపెడితే ఆగలేదు. మా ఆవిడ మాత్రం నవ్వట్లేదు. బంతి తెచ్చి మళ్ళీ అదే చోట పెట్టి, ఇంకోసారి కొట్టండి, ఇటు నిలబడండి అని చోటు చూపిస్తోంది.

మా అమ్మాయి వచ్చి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. కళ్ళనిండా నీళ్ళు, మొహమంతా నవ్వు.

"నాన్నా, చూశావా," అంది, "అమ్మ ఆయన్నే తిడుతోంది."