కూర్మారావు బిగించిన కడ్డీ

పలాసలో హైవే పక్కన షెడ్డు పెట్టుకున్న కూర్మారావు మంచి మెకానిక్కే. కాకపోతే తను పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

2004లో అతని భార్య మంగకు కిడ్నీలు పాడయ్యాయి. ఉద్దానంలో అది ఏ ఇంటికీ కొత్త కబురు కాదు. వారానికి రెండుసార్లు విశాఖలో డయాలసిస్. దాలయ్య నడిపే సుమోలో వాళ్లతోపాటు, అదే జబ్బున్న మా అమ్మను తీసుకుని నేనూ వెళ్లేవాణ్ణి. తిరిగి వచ్చేటప్పుడు మలుపుల్లో బండి ఒరిగినప్పుడల్లా మంగ కొంగు నోట్లో కుక్కుకునేది.

"మావా, బండి ఊగుతుంటే పేగులు నోట్లోకొచ్చేత్తన్నాయి," అంది ఒకరోజు.

ఆ మాట కూర్మారావుకు గుచ్చుకుంది. వెనక చక్రాలు రెండింటికీ కలిపి స్టెబిలైజర్ కడ్డీ ఉంటుంది. బండి ఒరగబోతే అది మెలిపడి ఆపుతుంది. పాతసామాన్ల కొట్లో అంతకన్నా లావుది వెతికి తెచ్చి బిగించాడు. మా ఉద్దానం వాళ్లకు ఏ బండి సత్తువైనా కొబ్బరికాయలతోనే తేలాలి. సుమో నిండా కాయలు నింపి, ఎండలో మందస రోడ్డంతా తిప్పాడు. ఎక్కడా ఒరగలేదు. చక్రాలను నేలకు అదిమింది ఆ కాయల బరువేనని అతనికి తట్టలేదు.

"బావా, ఖాళీగా ఎల్తే మలుపులో బండి ఎనకభాగం తోకలా ఇసురుతంది. ఓపాలి సూడు," అన్నాడు దాలయ్య.

"ఇరవయ్యేళ్లుగా సేత్తన్నాను. నాకు సెప్పొచ్చేవేటి?"

రెండు వారాలు మంగ దారంతా నిద్రపోతూ వచ్చింది. అప్పుడు కూర్మారావు మొహం చూడాలి!

తొలకరి పడిన రోజు టెక్కలి దాటాక మలుపులో వెనక చక్రాలు జారాయి. లావు కడ్డీ బిగువుకి మలుపు లోపలివైపు చక్రం పట్టు వదిలేసింది. బండి గిర్రున తిరిగి తుప్పల్లోకి పోయింది. మా అమ్మకు డయాలసిస్ చెయ్యి కాక రెండో చేతి మోచెయ్యి విరిగింది. మంగ మాత్రం డయాలసిస్ సూదులు గుచ్చే చేతిని గుండెకు హత్తుకుంది. ఆ చెయ్యి పోతే ఆమె లేనట్టే.

నేను కూర్మారావును నానా మాటలూ అన్నాను. మర్నాడే అతను లావు కడ్డీ విప్పేసి పాతది బిగించాడు. బండి మళ్లీ ఊగింది. అప్పట్నుంచి మంగను పక్కన కూర్చోబెట్టుకుని, మలుపు రాకముందే భుజం బిగించి "ఆనుకో" అనేవాడు.

రెండేళ్ల తర్వాత మంగ పోయింది. పదిహేను రోజులకు, మా అమ్మ డయాలసిస్ రోజున, కూర్మారావు వచ్చి సుమోలో మా అమ్మ పక్కన కూర్చున్నాడు.

టెక్కలి మలుపు వస్తోంది.

"ఆనుకో పిన్నీ," అన్నాడు.

వంకరగా అతికిన మోచేతిని ఒళ్లో పెట్టుకుని, మా అమ్మ అతని భుజానికి ఆనుకుంది.