నీలం సెంటు సీసా

ఫోన్లో పాత సినిమా పెడితే నేను హీరోయిన్ని చూడను, ఆమె డ్రెస్సింగ్ టేబుల్ని చూస్తాను. మూతకి ఎర్రదారం చుట్టిన నీలం సెంటు సీసా కోసం వెతుకుతాను. చిన్నప్పుడు అది కనబడిన సినిమా పేరు గుర్తులేదు. నిన్న దొరికింది.

అది మా అమ్మది. అమ్మ జూనియర్ ఆర్టిస్టు. ఫిల్మ్ నగర్ సెట్లో ఆమెకి మొదటిసారి ఒక డైలాగు ఇచ్చారు. టేబుల్ బోసిగా ఉందని ఎవరో అంటే తన సంచిలోని సీసానే తీసి పెట్టింది. సినిమా వచ్చిన రోజు కృష్ణానగర్‌లో మా ఇరుగుపొరుగునంతా హాలుకి తీసుకెళ్లింది. తెరమీద సీసా కనబడగానే నేను సీటెక్కి, "అమ్మా, మన సెంటు!" అని అరిచాను. సీను అయిపోయింది. అమ్మ తెరమీదకి రాలేదు.

"నువ్వేడ కనబడలే గదక్కా?" అంది పక్కింటామె.

"ఇంకా ఉందిలే, చూడు," అంది అమ్మ.

ఆట ముగిసేదాకా అదే మాట చెప్పింది. తర్వాత కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆమె ఉన్న ముక్కని సినిమాలోంచి కోసేశారని నాకప్పుడు తెలియదు. మన సీసా సినిమాలో పడ్డందుకు సంతోషమనుకుని చప్పట్లు కొట్టాను.

ఇప్పుడు అమ్మ లేదు. నిన్న ఆ సీను ఆపి, సీసా వెనకున్న అద్దాన్ని వేళ్లతో పెద్దది చేశాను, ఆమె చీర అంచైనా మిగిలి ఉంటుందేమోనని. పెద్దది చేసినకొద్దీ అద్దం మసకైపోయింది. మళ్లీ మొదట్నుంచి పెట్టాను.