కోర్టువారు లేచారు

ఆవిడ ఆ కోర్టులో బెంచి క్లర్కు. ఇరవై రెండేళ్లుగా జడ్జిగారి బల్ల ముందు, కాగితాల కట్టల మధ్య కూర్చోవడంతో అందరికీ ఫైళ్లమ్మ అయిపోయింది. రొమ్ము క్యాన్సర్‌కి ఆపరేషన్, మందులు, ఎనిమిది నెలల సెలవు అయ్యాక మళ్లీ డ్యూటీలో చేరింది. రోగం పోయింది గానీ ఒంట్లో సత్తువ కూడా దాని వెంటే పోయింది. ఎడమ భుజం సలుపు. బల్ల పట్టుకోకుండా కుర్చీలోంచి లేవలేకపోతోంది.

ఆసుపత్రిలో వ్యాయామాలు నేర్పే అమ్మాయి ఖరాఖండిగా చెప్పింది. "గంటకోసారి, చేతులు ఆనించకుండా పదిసార్లు లేచి కూర్చోండి ఆంటీ."

"కోర్టులోనా?"

"కుర్చీ ఎక్కడుంటే అక్కడ."

సోమవారం పదకొండింటికి గోడ తగాదా విచారణ. ఫైళ్లమ్మ పళ్లు బిగబట్టి లేచింది. బెంచి క్లర్కు లేస్తే జడ్జిగారు లేస్తున్నట్టే లెక్క కాబట్టి హాలంతా లేచింది. ఆవిడ కూర్చుంది, అందరూ కూర్చున్నారు. మళ్లీ లేచింది, మళ్లీ లేచారు. నాలుగోసారికి జడ్జిగారు కాగితాల్లోంచి తలెత్తారు. అందరూ నిలబడి ఉండేసరికి భోజనం వేళైందనుకుని గదిలోకి వెళ్లిపోయారు. గడియారం చూసుకుని తిరిగొచ్చారు.

"ఏమిటమ్మా ఇది?"

ఆవిడకి సిగ్గుతో చచ్చినంత పనైంది. ఉన్న సంగతి చెప్పింది.

"ఇంకెన్ని ఉన్నాయి?"

"ఆరండీ."

"కానివ్వండి. సాక్షి ఆగాలి."

ప్రతివాది ప్లీడరు అడ్డుపడ్డాడు. "మా కక్షిదారుకి మోకాళ్ల నొప్పులండీ!"

"ఆయన్నెవరు లేవమన్నారు?"

"కోర్టు లేస్తుంటే ఆయన కూర్చుంటే ధిక్కారం కాదాండీ?"

జడ్జిగారు ఆ ప్రశ్న మీద వాదనలకి పదిహేను రోజులు వాయిదా వేశారు.

ఇంటికెళ్లాక భర్త అడిగాడు, "ఎలా జరిగింది?"

"నలభై మంది లేచారు."

"ఎందుకు?"

"నేను లేచానని."

మందులు తలకెక్కాయేమోనని ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు. ఆవిడ పగలబడి నవ్వింది. ఆపరేషన్ అయ్యాక అంతలా నవ్వడం అదే మొదలు. నవ్వితే భుజం లాగింది, అయినా ఆపలేకపోయింది.

వాదనలు రెండు రోజులు సాగాయి, గంటకోసారి ఆగుతూ. క్లర్కు లేస్తే ఎవరూ లేవనక్కర్లేదని తీర్పొచ్చింది. కానీ ఆవిడ తన కోసం లేస్తోందో, జడ్జిగారి కోసం లేస్తోందో పోల్చుకునేదెలా? ఎందుకొచ్చిన గొడవని అందరూ లేస్తూనే ఉన్నారు. మోకాళ్లాయన తొమ్మిదోసారికి ఆగిపోతే పక్కవాళ్లు "ఇంకొక్కటి బాబాయ్" అని గుసగుసగా ఉత్సాహపరిచేవారు.

మూడు నెలలు గడిచాయి. చలిపొద్దున భుజం ఇంకా సలుపుతూనే ఉంది. అయితే ఇప్పుడు ఆవిడ బల్ల వైపు చూడకుండానే లేస్తోంది. ఇంతలో పక్క కోర్టు నుంచి ఉత్తరం వచ్చింది. తమ సిబ్బందికీ నడుం నొప్పులున్నాయట, గురువారాలు ఫైళ్లమ్మని పంపించగలరా అని.

ఆవిడ దాన్ని పెండింగు కట్టలో పెట్టి, కట్ట చంకనెత్తుకుని, రెండంతస్తుల పైనున్న రికార్డు గదికి మెట్లెక్కింది. మధ్యలో ఒక్కసారే ఆగింది. ఆయాసమొచ్చి కాదు, చెప్పులో రాయి దూరింది.