ఆగని బండికి పద్దెనిమిది నిమిషాలు

ముసెంబి అన్నని దొంగని చేసింది నేను. తప్పంతా మా యజమాని గిచుహి మీదికి నెట్టేయొచ్చు గానీ, ఆయన వాటా ఆయనది, నా వాటా నాది.

ముసెంబిది మా మ్వింగి వైపు ఊరే. పంతొమ్మిదేళ్లుగా మొంబాసా నుంచి మలాబా సరిహద్దు దాకా సరుకు లారీ తోలాడు. దారిలో డీజిలు తోడి అమ్ముకోని డ్రైవరు మా యార్డులో ఆయనొక్కడే. అందుకు మెచ్చుకున్న నాథుడు లేడు. "పాస్టరు గారూ, మాకోసం కూడా నాలుగు ప్రార్థనలు చెయ్యండి!" అని మిగతావాళ్లు ఏడిపించేవాళ్లు. ఆయన నవ్వేసి, ఉడికించిన మొక్కజొన్నలూ చిక్కుడు గింజలూ డబ్బాలోంచి తీసుకుని బండి నీడలో కూర్చుని తినేవాడు. గాట్లు పెట్టిన కర్ర టాంకులో ముంచి డీజిలు ఎంతుందో చూసుకోనిదే బండి తీసేవాడు కాదు.

నేను నైరోబీ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తాను. డీజిలు దొంగల్ని పట్టడానికి ఒకటి రాశాను. బండి ఎక్కడుందో ఒక పరికరం చెబుతూ ఉంటుంది, టాంకులో ఎంతుందో ఇంకొకటి చెబుతూ ఉంటుంది. రెంటినీ నా ప్రోగ్రాము క్షణక్షణం పక్కపక్కన పెట్టి చూస్తుంది. బండి కదలకుండా డీజిలు తగ్గితే ఎవడో తోడుతున్నట్టే. కొత్త టాంకు మీటరు ముందుగా ముసెంబి బండికే బిగించమన్నాడు గిచుహి. వేరేవాళ్లయితే తీగలు పీకేస్తారట. నమ్మకస్తుడు కావడమే ఆయన పాలిట శాపమైంది.

మొదటి వారంలోనే, ఘాట్ రోడ్డులో ఆయన బండి పద్దెనిమిది నిమిషాలు ఆగినట్టు, ఇరవై లీటర్లు పోయినట్టు తెరమీద ఎర్రగా వచ్చింది. గిచుహి ఆయన్ని అందరిముందూ నిలబెట్టాడు.

"బండి ఎక్కడా ఆపలేదు సార్. ఘాటంతా చిన్న గేరులోనే ఎక్కించాను. ఘాటు దాటాక నకురులో కర్ర పెట్టి చూశాను, సరిగ్గానే ఉంది."

"కర్రా! ఇంత పెట్టి మెషీను కొన్నది నీ కర్ర మాట వినడానికా? తాళాలిచ్చెయ్ పాస్టరూ."

అందరికంటే గట్టిగా నవ్వినవాడు వారానికి సగం టాంకు అమ్ముకునేవాడు. ఆ సాయంత్రమే ముసెంబి ఫొటో కింద 'దొంగ' అని రాసి లారీ యజమానుల వాట్సాప్ గ్రూపులో పెట్టారు. ఆ దారిలో ఇక ఆయనకి స్టీరింగు ఇచ్చేవాడు లేడు.

నాలుగో రోజు నాకు తప్పు దొరికింది. ఆ ఘాట్‌లో బండి జాడ చెప్పే పరికరానికి సిగ్నలు అందదు. టాంకు మీటరుది వేరే సిమ్ము, దానికి అందుతుంది. ఏ రీడింగు ఏ నిమిషంలో పుట్టిందో చూసి జత కలపాల్సింది పోయి, రెండు వైపులా ఆఖరున అందినవాటిని జత కలిపేశాను. ఎప్పుడో ఆగిపోయిన జాడని ఇప్పటి డీజిలుతో పోల్చి కూర్చుంది నా ప్రోగ్రాము. కొండ ఎక్కాక ఆ పరికరం దాచుకున్న రీడింగులన్నీ ఒక్కసారిగా పంపింది. అవి తీసి చూస్తే బండి ఒక్క నిమిషం కూడా ఆగలేదు. ఆ ఇరవై లీటర్లూ కొండ ఎక్కడానికి ఇంజను తాగినవే.

పరిగెత్తుకెళ్లి గిచుహికి చెప్పాను.

"సరిచేసి నోరు మూసుకో," అన్నాడు. "ఇవాళ వాణ్ణి వెనక్కి పిలిస్తే, రేపు ప్రతి దొంగవెధవా మెషీను అబద్ధమాడిందంటాడు. అన్నట్టు నీ కాంట్రాక్టు ఈ నెలాఖరుకే కదా?"

ఆ మధ్యాహ్నమే సరిచేశాను. నోరు కూడా మూసుకున్నాను. కాంట్రాక్టు రెండేళ్లు పొడిగించారు. ఛీ, నా బతుకు.

రెండు నెలలకి ముసెంబి గేటు దగ్గరికొచ్చి నాకు కబురంపాడు. ఏట్లో ఇసుక ఎత్తే పని చేస్తున్నాడట. సగమైపోయాడు.

"మీ వదిన కూడా నమ్మట్లేదు చెల్లీ. ఆ డబ్బు ఏ ఆడదానికి పెట్టావంటోంది. చాలా ఆలోచించాను. నువ్వు మనవైపు పిల్లవి, నీకు నామీద పగేముంది? నీ మెషీను అబద్ధం చెప్పదు. నాకే కునుకు పట్టి ఉంటుంది. ఎక్కడో పక్కకి ఆపి పడుకుండిపోయి ఉంటాను, ఎవడో తోడుకుపోయుంటాడు. నాకే గుర్తులేదు. అంతేనంటావా?"

మేడమీద కిటికీలోంచి గిచుహి చూస్తున్నాడు.

"అంతే అయ్యుంటుందన్నా," అన్నాను.

ఆయన ముఖం తేటపడింది. "అమ్మయ్య! అయితే నేను దొంగని కాదు. ఇంటికెళ్లి ఆవిడకి చెప్తాను," అని నా రెండు చేతులూ పట్టుకుని, ఉద్యోగం జాగ్రత్తగా చేసుకోమ్మా అని చెప్పి వెళ్లిపోయాడు.