ఎర్రగుడ్డ కట్టిన సొరకాయ

నా చిన్నప్పుడు సొరకాయ కోతలు కోయడంలో మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. బందరు కాలువని ఈ గట్టు నుంచి ఆ గట్టుకి ఒక్క ఊపిరిలో ఈదేశానని చెప్పేదాన్ని. నాకు ఈత రాదు. మోకాలి లోతు దాటి నీళ్ళలో దిగిన పాపాన పోలేదు. అంతటి కోతలరాణి నిజంగా పందిరి కిందికి వెళ్ళి సొరకాయ కోసింది మాత్రం, నాకు గుర్తున్నంతవరకు, ఒక్కసారే. ఆ ఒక్క కోత గురించే ఇది.

డెబ్బైల్లో పటమట అంటే ఊరికి చివర. మాది పెంకుటిల్లు. వెనక పెరడు, పెరట్లో సొరపందిరి. మా నాన్న వన్ టౌన్‌లో ఒక హోల్‌సేల్ కొట్లో గుమాస్తాగా పనిచేసేవాడు. ఇంట్లో అమ్మ, నాన్న, నాయనమ్మ, నేను. పిట్టగోడకి అవతల దొడ్డమ్మ. ఆవిడ మాకు చుట్టం కాదు. గవర్నరుపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు, ఆదివారం ఆదివారం చర్చికి వెళ్ళే ఒంటరి మనిషి. మా అమ్మ ఆవిడని "అక్కయ్యగారూ" అని పిలిచేది కాబట్టి నాకు దొడ్డమ్మ అయింది. మా వీధిలో చుట్టరికాలు అలా నోటితోనే కలిసిపోయేవి.

నాకు పదేళ్ళు నిండిన ఏడు, కార్తీకం వెళ్ళి చలి ముదురుతున్న రోజుల్లో, మా అమ్మ కాన్పుకి దొడ్డమ్మ వాళ్ళ ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళే ముందు రోజు, అంత బరువు మనిషీ పందిరి కింద నిలబడి మెడ ఎత్తి కాయలన్నీ చూసింది. ఒకదాన్ని ఎంచి, పాత ఎర్రచీర అంచు చించి, దాని తొడిమకి ఆ ఎర్రగుడ్డ కట్టింది. నేను పక్కనే ఉన్నాను. ఎందుకని అడగలేదు. అంత బాగా కాసిన కాయకి దిష్టి తగలకుండా కట్టిందనుకున్నాను. నాకు తెలియనివి తెలిసినట్టే అనుకోవడం నాకు అప్పటికే బాగా అలవాటు.

నాలుగో రోజు అమ్మ రిక్షాలో తిరిగొచ్చింది. ఒళ్ళో ఏమీ లేదు.

బాబు పుట్టాడని, పుట్టి ఏడవలేదని, నాయనమ్మ అరుగు మీద ఎవరికో చెబుతుంటే విన్నాను. ఆ తర్వాత మా ఇంట్లోనూ ఎవరూ ఏడవలేదు. వాడి పోలికే మా అందరికీ వచ్చిందేమో అనిపిస్తుంది ఇప్పుడు. నాన్న పొద్దున్నే సైకిలెక్కి కొట్టుకి వెళ్ళిపోయేవాడు. నేను బడికి వెళ్ళేదాన్ని, వచ్చేదాన్ని. ఎవరు ఏది చెబితే అది చేసేదాన్ని. నాయనమ్మ నాకు నీళ్ళు పోసేటప్పుడు మరీ వేడిగా పోసినా నాకు తెలిసేది కాదు. ఒళ్ళు ఎర్రబడ్డాక ఆవిడే చూసి, "అయ్యో, చెప్పవేమే మొద్దూ" అనేది. ఏం చెప్పాలో నాకు తెలిసేది కాదు. నిజంగా మొద్దుగానే ఉండేది లోపలంతా.

ఇక మా అమ్మ. బాలింతకి చేసే సేవలన్నీ నాయనమ్మ ఒక్కటీ తప్పకుండా చేసింది. చెవుల్లో దూది, తలకి గుడ్డ, వేడన్నంలో వెల్లుల్లి కారం, నెయ్యి. మంచం కింద నిప్పుల కుంపటి. అన్నీ ఉన్నాయి, బిడ్డ ఒక్కటే లేదు. అమ్మ నాలుగు ముద్దలు తిని గోడవైపు తిరిగి పడుకునేది. మాట లేదు. నాయనమ్మతో లేదు, నాన్నతో లేదు, నాతో లేదు. నేను మంచం పట్టె పట్టుకుని ఎక్కాలు అప్పజెప్పేదాన్ని, కావాలని తప్పులు చెప్పేదాన్ని. ఏడేడులు యాభై ఆరు అన్నాను ఒకరోజు. అంతకుముందైతే నెత్తిన మొట్టికాయ పడేది. అమ్మ కదల్లేదు. ఆ పూట నాకు మొదటిసారి భయం వేసింది. అమ్మ ఇక ఎప్పటికీ నన్ను పిలవదని.

దొడ్డమ్మ రోజూ డ్యూటీ దిగి వచ్చేది. కాన్పు జరిగింది ఆవిడ చేతుల మీదుగానే. ఆవిడ అడుగు వినబడగానే అమ్మ కళ్ళు మూసుకునేది. దొడ్డమ్మ మంచం పక్కన కాసేపు కూర్చుని, మెల్లిగా పలకరించి లేచి వెళ్ళేది. వెళ్ళేటప్పుడు ఆవిడ చేతులు రెండూ కొంగులో చుట్టుకుని వెళ్ళడం నేను చూసేదాన్ని.

మధ్యలో సొరకాయలు మాత్రం విరగకాశాయి. వాటికి మా సంగతి తెలియదు కదా. సొరకాయ చలవ చేస్తుందని, బాలింత ఉన్న ఇంట్లో వండకూడదని నాయనమ్మ కోసినవి కోసినట్టు వీధిలో పంచేసేది. పందిరి కింద ఆ ఎర్రగుడ్డ కాయ ఒక్కటే వేలాడుతూ ఉండేది.

అమ్మ వచ్చి పదిహేడు రోజులైంది. ఆదివారం. నేను లెక్కపెడుతూనే ఉన్నాను. దొడ్డమ్మ చర్చి నుంచి వచ్చి, తెల్లచీరతోనే పిట్టగోడ దగ్గర నిలబడి పిలిచింది.

"ఏమే కోతలరాణీ, ఇవాళేం కోశావు?"

"ఏం లేదు దొడ్డమ్మా."

"అయితే ఒక కాయ కోసుకురా. అదిగో, ఎర్రగుడ్డ కట్టి ఉందే, అది. గుడ్డ పారెయ్యకు."

ఎందుకని మళ్ళీ అడగలేదు. కత్తి దొరక్క చేత్తోనే మెలితిప్పి తెంపాను. చేతిలో పడగానే దాని బరువుకి ముందుకి తూలాను. పసిపిల్లని ఎత్తుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని గోడ మీదుగా అందించాను. దొడ్డమ్మ దాన్ని అందుకుని ఒక్క క్షణం అలాగే ఎత్తుకుని నిలబడింది.

ఆవిడ ఏటా క్రిస్మస్‌కి కేకు చేసేది. మా వీధికి కేకు అనేది ఒకటుందని తెలిసింది ఆవిడ వల్లే. ఆ రోజు చేసింది మాత్రం కేకూ కాదు, రొట్టే కాదు. తను నర్సు చదువుకున్న ఊళ్ళో ఒక దొరసాని డాక్టరమ్మ ఉండేదట. వాళ్ళ దేశంలో కీరదోసలాంటి కాయ ఒకటి విపరీతంగా కాస్తుందట. ఇరుగుపొరుగు తీసుకోవడం కూడా మానేసేసరికి దాన్ని తురిమి రొట్టెలో కలిపేస్తారట. ఇక్కడ ఆ కాయ దొరక్క ఆవిడ సొరకాయతో చేసేదట. ఆ కాయని ఇప్పుడు మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్లో జుకినీ అని చీటీ అంటించి అమ్ముతున్నారు. చూసినప్పుడల్లా దూరపు చుట్టాన్ని చూసినట్టు పలకరించాలనిపిస్తుంది.

చెక్కు అప్పటికే గట్టిపడింది. దొడ్డమ్మ చెక్కు తీసి, కాయ చీల్చి, లోపలి గింజలు వేలితో తీసింది. తెల్లగా, మెత్తగా, పాలపళ్ళలా ఉన్నాయి. వాటిని అరచేతిలో వేసుకుని చాలాసేపు చూసింది.

"ఇంకా ముదర్లేదు పాపం" అంది. నాతో కాదు.

తురమడం నా వంతు. నా వేలి కణుపు కూడా కాస్త తురిమాను. రక్తం వచ్చింది కానీ నొప్పి తెలియలేదు. గోధుమపిండి, బెల్లం తురుము, కరిగించిన డాల్డా, రెండు గుడ్లు, చిటికెడు వంటసోడా, యాలకులు. వీటన్నిటి పైన గుప్పెడు సొంఠిపొడి. ఇంత సొంఠి ఎందుకంటే, "మీ నాయనమ్మ నోరు మూయించడానికి" అంది. నీళ్ళు ఒక్క చుక్క పోయలేదు. కాయలో ఉన్న నీళ్ళే చాలట. ఓవెన్ అంటే ఒక పెద్ద దబరగిన్నె, అందులో జల్లించిన కృష్ణ ఇసుక. ఇసుకలో పిండిగిన్నె కూర్చోబెట్టి, కింద బొగ్గుల కుంపటి, పైన మూత మీద నిప్పులు. నిప్పులు చల్లబడ్డప్పుడల్లా మార్చాలి. చీపురుపుల్ల గుచ్చి చూస్తే రెండుసార్లు తడిగానే వచ్చింది. మూడోసారి పొడిగా వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. రొట్టె పొంగింది. నేనూ పొంగిపోవలసిందే, కానీ ఆ రోజుల్లో నాలో సోడా లేదు.

రొట్టె చల్లారేలోపు దొడ్డమ్మ నన్ను కూర్చోబెట్టి తల దువ్వింది. జడ అల్లి, చివర ఆ ఎర్రగుడ్డే రిబ్బన్‌లా కట్టింది. సగం రొట్టె ముక్కలు కోసి పళ్ళెంలో పెట్టి నా చేతికిచ్చింది.

"పద. మీ అమ్మ మంచం దగ్గరికే వెళ్ళు. జడ ముందుకి వేసుకో."

గుమ్మంలోనే నాయనమ్మ ఆపింది. "ఏంటది? సొరకాయా? బాలింతకి సొరకాయ పెడతావా అమ్మా? చదువుకున్నదానివి!"

"నిప్పుల మధ్య రెండు గంటలు కాలింది పెద్దమ్మగారూ, ఇంకా చలవ ఎక్కడుంటుంది? మనమే చల్లబడ్డాం" అంది దొడ్డమ్మ. "సొంఠి కూడా వేశాను."

సొంఠి మాట వినేసరికి నాయనమ్మ కొంచెం తగ్గి పక్కకి జరిగింది. నేను వెళ్ళి మంచం దగ్గర నిలబడ్డాను. "అమ్మా, రొట్టె" అన్నాను. అమ్మ కళ్ళు తెరవలేదు. పళ్ళెం దగ్గరగా పెట్టడానికి వంగాను. జడ జారి అమ్మ చెంపకి తగిలింది. అమ్మ విసుగ్గా దాన్ని తోసేస్తూ కళ్ళు తెరిచింది. చేతిలోకి వచ్చిన గుడ్డని చూసింది.

"ఇదెక్కడిదే?"

పదిహేడు రోజుల తర్వాత మా అమ్మ నాతో అన్న మొదటి మాట అది. పెరటి వైపు వేలు చూపించాను. కోతలన్నీ ఎక్కడికి పోయాయో.

అమ్మ లేచి కూర్చుంది. పళ్ళెం చూసింది. "విత్తనం కాయ కోశావా? ముదరకుండా కోశావా దాన్ని?" అంటూ నా వీపు మీద ఒక్కటి వేసింది. చరిచిన చప్పుడు వంటింటి దాకా వినబడింది. పళ్ళెం ఒరిగి ముక్కలు కిందపడ్డాయి. రొట్టె విరిగి నేతిలో పడిందంటారు, మాది విరిగి నేల మీద పడింది.

"నేనే కోయమన్నాను" అంది దొడ్డమ్మ.

అమ్మ ఆవిడ వైపు తిరిగింది. ఇంటికొచ్చాక ఆవిడ మొహం చూడటం అదే మొదలు. "మీకైనా తెలియొద్దా అక్కయ్యగారూ! అన్ని కాయల్లో ఒక్కటంటే ఒక్కటి నిలుపుకుందామనుకున్నానే. అది కూడా దక్కనివ్వరా నాకు?"

ఆ మాట అని తనే ఆగిపోయింది. నాయనమ్మ చేతిలో చెంబు అలాగే ఉండిపోయింది. దొడ్డమ్మ తల వంచుకుని, "దక్కించలేకపోయాను తల్లీ" అంది. మళ్ళీ, మెల్లిగా, "నా చేతుల్లోనే..." అని ఆ మాట పూర్తి చేయలేదు.

అమ్మ చాలాసేపు ఆవిడ చేతుల వైపు చూసింది. తర్వాత మంచం దిగింది. వంగి మంచం కింద ట్రంకుపెట్టె లాగింది. పుట్టకముందే కొత్తబట్టలు కొనకూడదని, నాన్న పాత పంచెలు ఉతికి ఉతికి మెత్తబరిచి, పొత్తిగుడ్డలుగా మడతపెట్టుకున్న పెట్టె అది. నాయనమ్మ "ఒద్దే" అనబోయింది. అమ్మ పైన ఉన్న గుడ్డ తీసి అంచు పళ్ళతో కొరికి, ఒక పేలిక చించింది. తలకి కట్టిన గుడ్డతోనే, చెవుల్లో దూదితోనే, పెరట్లోకి నడిచి పందిరి కింద నిలబడింది. మెడ ఎత్తి వెతికింది. ఆకుల చాటున ఒక పిందె దాటిన కాయ ఉంది. దానికి ఆ తెల్లపేలిక కట్టింది. ముడి రెండుసార్లు లాగి చూసింది.

లోపలికొచ్చి, పళ్ళెంలో మిగిలిన ముక్క ఒకటి తీసుకుని నమిలింది. "సొంఠి ఎక్కువైంది" అంది.

"ఎక్కువే వేశాను" అంది దొడ్డమ్మ.

అప్పుడు ఏడ్చింది మా అమ్మ, నోట్లో రొట్టెతోనే. దొడ్డమ్మ పక్కన కూర్చుని ఆవిడా ఏడ్చింది. నాయనమ్మ నేల మీద ముక్కలు ఏరుతూ, ఎవరూ చూడటం లేదనుకుని ఒకటి నోట్లో వేసుకుంది. నాకు మాత్రం ఏడుపు రాలేదు. వీపు మండింది. వేడినీళ్ళు తెలియని ఒంటికి, వేలు తెగినా తెలియని పిల్లకి, ఆ ఐదువేళ్ళ మంట స్పష్టంగా తెలిసింది. అది చల్లారిపోతుందేమోనని గోడకి ఆనుకోకుండా చాలాసేపు నిటారుగా కూర్చున్నాను.

నా పెళ్ళయ్యాక చాలా ఏళ్ళకి దొడ్డమ్మని అడిగాను, అది విత్తనం కాయని ఆ రోజు తెలియదా అని. అప్పటికి ఆవిడకి పళ్ళు లేవు. బోసినోటితో నవ్వింది. "మీ అమ్మకి ఆ విత్తనం ఇచ్చిందే నేను కదే. నా డబ్బాలో ఇంకా గుప్పెడు ఉన్నాయి ఆ రోజుకి. మంచిగా పలకరిస్తే మనిషి గోడవైపు తిరుగుతోంది. తిట్టడానికైనా ఇటు తిరుగుతుందేమోనని..." అంది. ఆగి, "నీకు దెబ్బ పడుతుందని మాత్రం అనుకోలేదు. నాకు పడుతుందనుకున్నాను" అంది.

నాకు ఇప్పటికీ పరామర్శలు చేతకావు. ఎవరింట్లోనైనా కష్టం జరిగితే ఏం మాట్లాడాలో తెలియక చేతులు నలుపుకుంటాను. పోయినేడు మా అపార్టుమెంటులో పై అంతస్తావిడ భర్త పోయాడు. నెల్లాళ్ళయినా ఆవిడ ఎవరితోనూ మాట్లాడటం లేదన్నారు. నేను వెళ్ళి కూర్చున్నాను. ఎదురుగా ఉంది, లేనట్టు ఉంది. నేను లేచి వంటింట్లోకి వెళ్ళాను. గట్టు మీద ఆవిడ ఆ ఏడు పెట్టుకున్న ఆవకాయ జాడీ ఉంది. వాసెన విప్పి, కుళాయి కింద గరిటె కడిగి, నీళ్ళు కారుతుండగానే, ఆవిడకి కనబడేలా జాడీ మీదికి తీసుకెళ్ళాను.

"అయ్యయ్యో, ఆగండి, తడి గరిటె!" అంటూ ఆవిడ పరిగెత్తుకొచ్చి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

నా వీపు మీద ఐదువేళ్ళూ ఒక్కసారి వెచ్చగా అనిపించాయి.