టేపు అవతలి కొస

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. వాటికీ నా మీద లేదనే ఇన్నాళ్ళూ అనుకున్నాను. చిన్నప్పటి నుంచి నేను నమ్మినవి రెండే: అమ్మ మాట, టేపు కొలత. అమ్మ మాట అప్పుడప్పుడు మారేది, టేపు మారేది కాదు. అలాంటి టేపే ఒక మధ్యాహ్నం నన్ను ఇరుకున పెట్టింది. జరిగింది జరిగినట్టు రాస్తాను. నమ్మడం, నమ్మకపోవడం మీ ఇష్టం. నాకే ఇంకా తేలలేదు.

2008 ఏప్రిల్. అప్పుడు నేను నార్త్ కరోలినాలో, క్యారీలో ఉండేవాణ్ణి. మాస్టర్స్ అయ్యాక, పాత కట్టడాల బలాన్ని పరీక్షించే ఒక చిన్న ఆఫీస్‌లో చేరాను. చుట్టూ మనవాళ్ళంతా సాఫ్ట్‌వేరే. పార్టీల్లో ఏ టెక్నాలజీ మీద చేస్తున్నావని అడిగితే "ఇటుకలు, సున్నం" అనేవాణ్ణి. అదేదో కొత్త ప్లాట్‌ఫారం అనుకుని ఒకాయన ఓపెనింగ్స్ ఉన్నాయా అని కూడా అడిగాడు.

ఆఫీస్‌లో నాతోపాటు ఉన్న ఇంకో తెలుగు మనిషి రజిత. కరీంనగర్ అమ్మాయి, నాకంటే ఏడాది జూనియర్. పనిలో నాకంటే నాలుగేళ్ళు సీనియర్‌లా ఉండేది. మేమిద్దరం కలిసి కొలతలకు వెళ్ళేవాళ్ళం.

ఆసారి వర్జీనియాలో, మొక్కజొన్న చేల మధ్య ఉన్న ఒక పాత ఆంగ్లికన్ చర్చికి పంపారు. అక్కడ రోజువారీ ప్రార్థనలు లేవు. ఏడాదికోసారి, మే నెలలో, ఆ ఊరి నుంచి ఎక్కడెక్కడికో వెళ్ళిన కుటుంబాలన్నీ వచ్చి పాడుకుని, భోంచేసి వెళ్తాయి. తాళాలు ఎనభై ఏళ్ళ మిస్ ఎల్లెన్ దగ్గర ఉంటాయి. ఒకప్పుడు బడిలో సంగీతం చెప్పిన మనిషి. చర్చిలో పడమటి గోడకు ఆనుకుని, పైన చెక్కతో కట్టిన గ్యాలరీ ఒకటుంది. ముందు జాగ్రత్తగా కొన్నేళ్ళుగా దాన్ని మూసి ఉంచారు. ఈసారి నలభై మంది గాయక బృందాన్ని అక్కడ నిలబెట్టి పాడించాలన్నది ఆవిడ కోరిక. వాళ్ళమ్మ అక్కడి నుంచే పాడేదట. "ఇంకో ఏడాది ఆగడానికి నా దగ్గర ఏడాదులు ఎక్కువ లేవు" అందావిడ, నవ్వుతూనే. ఆ గ్యాలరీ నలభై మందిని మోస్తుందా, మోయదా? మేము రాసిచ్చే ఉత్తరమే దానికి జవాబు.

ఆ చర్చిని చూడగానే నేను పడిపోయాను. (పడింది మనసే, మనిషి కాదు.) అమెరికాకు స్వాతంత్ర్యం రాకముందు వర్జీనియాలో చర్చి అంటే ప్రభుత్వ వ్యవహారం. మన దేవాదాయ శాఖకు దూరపు చుట్టం అనుకోండి. ఇంటింటికీ పన్ను వేసి చర్చిలు కట్టేవారు. అదీ డబ్బు రూపంలో కాదు, పొగాకు రూపంలో. నేను పుట్టింది గుంటూరు జిల్లాలో. పొగాకుతో కట్టిన చర్చిని పొగడకుండా ఎలా ఉంటాను?

గోడ రెండడుగుల మందం. ఒక ఇటుక పొడుగ్గా, దాని పక్క ఇటుక అడ్డంగా, మళ్ళీ పొడుగ్గా. అడ్డం ఇటుకల మొహాలు బట్టీలో నిప్పుకు దగ్గరగా కాలి, నీలంగా గాజులా మెరుస్తాయి. ఎండ పడితే గోడంతా గళ్ళ చీర కట్టుకున్నట్టు ఉంటుంది. తలుపు చుట్టూ మెత్తని ఎర్ర ఇటుకల్ని అరగదీసి పేర్చారు. సందులో గోరు కూడా దూరదు. కిటికీలకు పైన గుండ్రటి కమానులు. లోపల రంగుటద్దాలు లేవు, బొమ్మలు లేవు. తెల్లటి సున్నపు గోడలు, వెలుతురు, తూర్పున బంగారు అక్షరాలతో పది ఆజ్ఞల పలకలు, అంతే. బల్లలకు నడుం ఎత్తు గోడలూ తలుపులూ ఉన్నాయి. ఎవరి పెట్టె వారిదే. ధనవంతులు ముందు, తక్కినవాళ్ళు వెనక.

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం చెయ్యి వెనక్కి తీసుకుంది. ఇలాంటి చర్చిలు చాలా పాడుబడ్డాయి. కొన్నింటి ఇటుకలు ఊళ్ళో పొయ్యిగొట్టాలయ్యాయి. ఇది మాత్రం కొన్నాళ్ళు గుర్రాలకు కొట్టంగా ఉండి బతికిపోయిందని మిస్ ఎల్లెన్ చెప్పింది. పన్ను కట్టినవాళ్ళ పేర్లు, కాంట్రాక్టు తీసుకున్నవాడి పేరు రికార్డుల్లో ఉన్నాయట. ఇటుక కాల్చినవాళ్ళ పేర్లు, దూలాలు చెక్కినవాళ్ళ పేర్లు లేవు. వాళ్ళు బానిసలు. ప్రార్థనకు వాళ్ళకిచ్చిన చోటు పైన ఉన్న గ్యాలరీయే.

మధ్యాహ్నం మూడింటికి గ్యాలరీ పని మొదలుపెట్టాం. దాన్ని ఆరు దూలాలు మోస్తున్నాయి. ఒక్కో దూలం వెనక కొస పడమటి గోడలోకి దూరి ఉంటుంది, ముందు కొస కింది స్తంభాల మీద ఆనుతుంది. గ్యాలరీ గోడ నుంచి ముందుకు జారిందేమో చూడాలంటే, ప్రతి దూలం దగ్గరా గోడ నుంచి ముందంచు దాకా కొలవాలి.

ఇక్కడ మా పనిలోని ఒక అలవాటు చెప్పాలి. టేపు కొసన ఉండే లోహపు కొక్కెం వాడగా వాడగా వదులవుతుంది. అందుకని ఆ కొసను నమ్మం. మొదటి అడుగును పైకి మడిచేసి, ఒక అడుగు అని ఉన్న గుర్తును గోడకు ఆనించి పట్టుకుంటాం. ఇవతల చదివేవాడు వచ్చిన కొలతలోంచి ఒక అడుగు తీసేసి రాసుకుంటాడు. ఇంకో అలవాటు, ప్రార్థనా మందిరంలో కేకలు బావుండవని రజిత పెట్టింది. అవతలి మనిషి టేపు సరిగ్గా పట్టుకున్నాక రెండుసార్లు లాగాలి. అంటే చదువుకో అని.

రజిత పైకెక్కి గోడ దగ్గర కూర్చుంది. నేను కింద నిచ్చెన మీద, గ్యాలరీ ముందంచు దగ్గర. మధ్యలో ఎత్తైన బల్లల వరుసలు. వాటి కాళ్ళ కింద నుంచి టేపు వస్తుంది తప్ప, మనిషి కనిపించదు. మొదటి దూలం: రెండు లాగుళ్ళు. పదకొండడుగుల నాలుగంగుళాలు. రెండోదీ అంతే. నిచ్చెన దిగి, జరుపుకుని, మళ్ళీ ఎక్కాను.

మూడో దూలం దగ్గర కూడా రెండుసార్లు లాగింది. అడుగు తీసేసి రాస్తే పది అడుగుల నాలుగంగుళాలు. అడుగు మడవడం మరిచిపోయి, కొసనే గోడకు పెట్టిందన్నమాట. ఆ సంగతే చెప్పాను. జవాబు లేదు, మళ్ళీ రెండు లాగుళ్ళు. పొద్దున కార్‌లో ఆమె డ్రైవింగ్ మీద ఒక జోకు వేశాను. దాని తాలూకు అలకేమో అనుకుని వచ్చిన అంకె రాసుకున్నాను. నాలుగు, ఐదు కూడా అలాగే, సరిగ్గా అడుగు తక్కువ. పట్టు మాత్రం గట్టిగా ఉంది. రజిత పట్టుకన్నా గట్టిగా ఉందని అప్పుడే అనిపించింది.

ఆరో దూలం దగ్గర టేపు రాలేదు. నిచ్చెన మీద నిలబడి రెండుసార్లు పిలిచాను. ఐదో దూలం దగ్గరే టేపు మెల్లగా వదులై, నేల మీద పడి ఉండిపోయింది. విసిరేసినట్టు కాదు. పని అయిపోయిందని కింద పెట్టినట్టు.

విసుక్కుంటూ దిగాను, నేనే పైకెళ్ళి పట్టుకుందామని. మెట్లు చర్చి బయటి మూల నుంచి ఉంటాయి. తలుపు తీసేసరికి రజిత, మిస్ ఎల్లెన్ సమాధుల మధ్య నుంచి నడిచి వస్తున్నారు. రజిత చేతిలో ఐస్‌డ్ టీ గ్లాసు.

"నువ్వు పైన లేవా?" అన్నాను.

"రెండోది కాంగనే దిగిన గదన్నా. మేడమ్ పిలిచింది. నీకు చెప్పిన, నువ్వు ఊఁ అన్నవ్."

నేను ఊఁ అనే ఉంటాను. పనిలో ఉంటే దేనికైనా ఊఁ అంటాను. ఇరవై నిమిషాలుగా ఆ అమ్మాయి తనతోనే ఉందని, సమాధి రాళ్ళ మీద పేర్లు చదివి చూపించానని మిస్ ఎల్లెన్ కూడా చెప్పింది. పైకి ఇంకో దారి లేదు. ఇంకో మనిషీ లేడు.

ముగ్గురం పైకెళ్ళాం. దుమ్ములో రజిత షూ అచ్చులు రెండో దూలం దాకా వెళ్ళి, తిరిగి వచ్చాయి. దాని అవతల దుమ్ము దుమ్ములాగే ఉంది. ఒక్క టేపు మాత్రం ఐదో దూలం దగ్గర, గోడ వారగా పడి ఉంది.

ఇద్దరం మళ్ళీ కొలిచాం. మూడు, నాలుగు, ఐదు: పదకొండడుగుల నాలుగంగుళాలు. ఇందాకటి అంకెల కంటే సరిగ్గా ఒక అడుగు ఎక్కువ. కొక్కెం ఏ మేకుకో తగులుకుని ఉంటుందనుకుందామన్నా, కొస గోడకు ఆనితే తప్ప ఆ అంకెలు రావు. మూడు చోట్ల వరసగా తగులుకోదు. రెండుసార్లు లాగదు కూడా. మా అడుగు అలవాటు తెలియని మనిషి ఎవరో, టేపును టేపులాగే పట్టుకున్నట్టు ఉంది.

రజిత ఆరో దూలం వైపు కదిలింది. నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఎందుకని అడిగితే, అక్కడికి ఎవరూ పోలేదు కాబట్టి అన్నాను. ఇంజనీరు చెప్పాల్సిన కారణం కాదది. అబద్ధమైనా అతికినట్టు ఉండాలంటారు, నేను చెప్పిన నిజమే అతకలేదు. అయినా ఆ అమ్మాయి ఆగింది.

ఇక్కడ నా తప్పు ఒప్పుకోవాలి. పొద్దున కింద నుంచి, లోపల పుచ్చిందేమోనని దూలాల కొసల్ని సూదితో పొడిచి చూశాను. నాలుగు గట్టిగా ఉన్నాయి. చివరి రెండింటి కింద పాత రంగు చెక్క పలకలున్నాయి. అంత అందమైన పనికి గీత పడుతుందని మనసొప్పక వదిలేశాను. కొలతలన్నీ సమంగా వస్తే, "మోస్తుంది" అని రాయడానికి మనసులో సిద్ధంగానే ఉన్నాను.

మిస్ ఎల్లెన్ అనుమతితో ఆ పలకలు ఊడదీశాం. ఐదోది ఇనుములా ఉంది. ఆరో దూలానికి గోడలోకి వెళ్ళే కొస లేదు. బయటికి రంగు, పలుచని చెక్క పెంకు, లోపల కాఫీ పొడి లాంటి పొట్టు. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. గ్యాలరీ జారలేదు కాబట్టి కొలతలు ఎన్నిసార్లు తీసినా బాగానే వచ్చేవి. రజిత వంద పౌండ్లో నూట పది పౌండ్లో ఉంటుంది, ఆమె నిలబడితే ఏమయ్యేదో చెప్పలేను. నలభై మంది నిలబడితే ఏమయ్యేదో మాత్రం లెక్క వేయగలను. వేశాను కూడా. ఆ కాగితం చింపేశాను.

టేపు సంగతి మిస్ ఎల్లెన్‌కు ఎలా చెప్పాలా అని తటపటాయిస్తుంటే, రజితే చెప్పేసింది. ఆవిడ గ్యాలరీ వైపు చూసింది. "సరే, మేము కిందే పాడతాం" అంది. "వాళ్ళు కట్టింది కదా. వాళ్ళకు తెలుస్తుంది" అంది.

మే నెలలో మమ్మల్నీ పిలిచింది. గ్యాలరీ మెట్లకు అడ్డంగా తాడు కట్టి ఉంది. నలభై మందీ కింద ఇటుక నేల మీద నిలబడ్డారు. చివరి పాటకు మిస్ ఎల్లెన్ వాళ్ళనందరినీ వెనక్కి తిరగమంది. పది ఆజ్ఞలకు వీపు పెట్టి, పైనున్న ఖాళీ బల్లల వైపు చూస్తూ పాడారు. ఆవిడ గొంతు వణికింది కానీ శ్రుతి తప్పలేదు. ఎందుకు తిరిగారో ఆ గుంపులో చాలామందికి తెలియదు.

ఆ శీతాకాలం కొత్త కొస అతికించారు. పని ముగిసి ఫైలు మూసేటప్పుడు మా బాస్ కొలతల పుస్తకం అడిగాడు. మా ఆఫీస్‌లో ప్రతి కొలత పక్కనా చదివినవారు, పట్టుకున్నవారు పొట్టి సంతకాలు పెట్టాలి. మొదటిసారి తీసిన మూడు, నాలుగు, ఐదు కొలతల పక్కన నా సంతకం ఒక్కటే ఉంది. ఫార్మాలిటీయే కదా, పెట్టెయ్యమని పుస్తకం రజిత ముందుకు జరిపాను.

"నేను పట్టుకోనిదానికి నేనెట్ల పెడ్త అన్నా?" అంది. "పని చేసినోళ్ళ పేరు ఇప్పటికే ఒకసారి రాయకుండ వదిలేసిన్రు. మల్ల దాని మీద నా పేరు రాయాల్నా?"

నేను పుస్తకం వెనక్కి తీసుకున్నాను. బాస్‌కు ఏదో సర్దిచెప్పాను. తర్వాత ఎన్నో పాత గోడలు కొలిచాను, ఎక్కడా మళ్ళీ అలాంటిది జరగలేదు. దుమ్ము, గాలి, మేకు, నా మతిమరుపు అన్నీ తిరగేసి చూశాను, ఏదీ ఆ మూడు కొలతలకు సరిపోలేదు. ఆ మూడు గళ్ళు ఫైల్లో ఇప్పటికీ ఖాళీగా ఉన్నాయి. అక్కడ ఏ పేరు రాయాలో నాకు తెలియదు. ఒక పేరు రాయాల్సి ఉందని మాత్రం తెలుసు.