అయ్యవారి వెనక నిలబడే ఆమె

మా ఆయన కోడుమూరు దగ్గర ఒక పల్లెలో మిషను బడి అయ్యవారు. పాదిరి దొర ఏడాదికోసారి గుర్రం మీద వచ్చి, ఆయనను బయటికి పంపి, అయ్యవారి గురించి ఒక మాట రాయమని పిల్లలకు చెప్పేవాడు. దొరకు తెలుగు చదవడం రాదు కాబట్టి, పిల్లలు పలకల మీద రాసింది సంఘం పెద్ద చదివి ఆయనకు అర్థం చెప్పేవాడు. "బాగా కొడతాడు" అని ఉంటే "శ్రద్ధగా చెబుతాడు" అనేవాడు. పని ఉండడమూ ఊడడమూ ఆ మాటల మీదే.

ఆ ఏడు పిల్లలందరూ ఒకటే రాశారు. "అయ్యవారి వెనక తెల్లచీర ఆమె నిలబడుకోనుంటాది."

బడికి ఎవతెనో తెచ్చుకుంటున్నాడని దొరకు అనుమానం వచ్చింది. "నా వెనక గోడ తప్ప ఏముండాది?" అన్నాడు మా ఆయన. నన్ను పిలిపించారు. నేను చదివింది మూడో తరగతే అయినా పలకలన్నీ చదివాను. ఒకరిది చూసి ఒకరు రాసినట్టు లేదు.

"ఏమమ్మా, ఆడ నిలబడేది నువ్వేనా?" అన్నాడు పెద్ద.

అంతవరకు నేను ఆ బడి గడప తొక్కలేదు. కానీ ఆ పని పోతే మాకు గింజ లేదు.

"నేనేనప్పా. మజ్జిగ తీసుకపోతాంటాను."

"తెల్లచీర అంటాండారే?"

"ఉండేవి రెండు చీరలు. ఉతికి ఉతికి రంగు యాడ నిలుస్తాది?"

దొర నవ్వాడు. పని నిలిచింది.

అన్న మాట నిజం చేయాలి కదా. మర్నాటి నుంచి నీళ్లు ఎక్కువ పోసిన మజ్జిగ చెంబుతో వెళ్లి, కుర్చీకీ బండల గోడకీ మధ్య సందులో కాసేపు నిలబడేదాన్ని. మండుటెండలో కూడా ఆ సందు బావి లోపలిలా చల్లగా ఉండేది. పిల్లలు నన్ను కాక, నా భుజం పక్కకు చూసేవారు. ఎవరినని నేను అడగలేదు.

మరుసటేడు దొర వచ్చేసరికి నేను అక్కడే ఉన్నాను. ముందు బెంచీ పాప పలకను పెద్ద నా ఎదుటే ఎత్తాడు.

"మజ్జిగమ్మ వస్తే ఆమె పక్కకు జరుగుతాది."

పెద్ద నా వైపు చూశాడు. తర్వాత దొరకు నిదానంగా అర్థం చెప్పాడు. "అయ్యవారి ఇంట్లో ఆడోళ్లకు మర్యాద ఉండాదంట, దొరా."

దొర తల ఊపి సంతకం పెట్టాడు. నేను పక్కకు తిరగలేదు. ఆ రోజు నుంచి బడి వదిలేదాకా అక్కడే నిలబడడం మొదలుపెట్టాను. నేను లేనప్పుడు ఆ చోటు ఖాళీగా ఉండదు.